శీను చెవులకు కొత్త వైరు

2006 జూన్ 12, సోమవారం
ఎలుక కొరికింది. ఇంట్లో ఇంత పట్టు ఉండగా దానికి శీను హెడ్‌ఫోను వైరే దొరికింది. చెవులు రెండూ బాగానే ఉన్నాయి, వైరు మాత్రం ముక్కలు ముక్కలు. చిన్నప్పటి నుంచి మగ్గం మీద తెగిన పోగులు అతుకుతున్నదాన్ని. ఇదెంత?

జూన్ 13
వాడు పోయి పది నెలలు. వాణ్ని మింగిన బీచుపల్లి రోడ్డు పేరెత్తను.
క్యాసెట్‌లో వాడి గొంతుంది. వినాలి – నేనొక్కదాన్నే. పోయిన నెల పక్కింటి ఈరమ్మ టేప్‌రికార్డరులో పెడితే వీధంతా వచ్చి కూర్చుంది. "అయ్యో కొడకా" అని అందరూ అందుకున్నారు, వాడేమన్నాడో ఒక్క ముక్క వినపడలేదు. అందరికంటే గట్టిగా ఏడ్చింది ఈరమ్మే. జామకాయలు తెంపాడని ఏడాది పాటు వాడితో మాట్లాడని మనిషి!
మా ఆయన మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. "మల్ల నా చెవుల పడనియ్యకు" అన్నాడు. కొడుకు గొంతు తండ్రికి వినపడకుండా నేను వినాలి. హెడ్‌ఫోను తప్ప దారి లేదు.

జూన్ 15
వైరు విప్పాను. లోపల దారం ఉంది! సన్నటి తెల్లదారం, దాని చుట్టూ రాగి వెంట్రుకలు – ఎర్రవి, పచ్చవి. అచ్చం జరీ. జరీలో బలమంతా లోపలి దారానిదే, పైది ఉత్త మెరుపు. మెరుపంతా కత్తిరించి పారేశాను. వేళ్ళకు బూడిద అద్దుకుని దారాన్ని దారంతో మెలేసి అతికాను. అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు. వాడి వాక్‌మన్‌కు తగిలించి చెవులకు పెట్టుకున్నాను.
… ఈగ మోత కూడా లేదు.

జూన్ 16
ఖాజా భాయ్ దుకాణానికి పోయాను. రేడియోల పని శీను ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. భాయ్ కళ్ళద్దాలు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. నవ్వు రాకుండా దగ్గాడు.
"అక్కా, పాట రాగిలకెల్లి పోతది. దారం ఊకె బలానికి."
"మరి ముందుగాల చెప్పొద్దా?"
"నువ్వు అడిగినవా?"
కొత్త వైరు తానే చేసిస్తానన్నాడు. వద్దన్నాను. శీనుకు నేర్పినట్టే నాకూ నేర్పు అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. బల్ల మీద సామాను పక్కకు జరిపి నాకు చోటిచ్చాడు.

జూన్ 19
మూడు వైర్లు. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడికి, ఒకటి రెండింటికీ ఉమ్మడి. ఉమ్మడిది తెగితే ఇద్దరికీ ఏమీ వినపడదట.
పోగు మోసే నాడెలు మూడింటిని అటూ ఇటూ ఆడించి అంచు నేసేదాన్ని. మూడు వైర్లకు భయపడతానా?

జూన్ 20
భయపడాలి. సీసం కరిగించి అంటించేటప్పుడు పొగ వచ్చింది – అలవాటున ఊదాను. సీసం ఎగిరి భాయ్ చొక్కా మీద పడింది.
"ఊదకక్కా! పొయ్యి గాదు!"
వేలు కాలింది. చొక్కా కూడా.

జూన్ 22
మగ్గం నుంచి వాక్‌మన్ పెట్టే గూటి దాకా, అక్కడి నుంచి పొయ్యి దాకా కొలిచాను. చీరంత పొడుగొచ్చింది. మూడింటినీ జడ అల్లాను. మిగిలిన ఎర్రపట్టు పైన చుట్టాను. గంజి పెట్టి ఎండలో ఆరేశాను. గంజి లేకుండా పోగు నిలబడుతుందా?
ఈరమ్మ వచ్చింది. "ఏం దండెమే గిది? నా రవికె ఆరేసుకుంట, జర ఉండు."
తరిమాను.
భాయ్ మాత్రం వాసన చూశాడు. "వైరుకు గంజి పెట్టినవా? యా అల్లా…"

జూన్ 24
ఎడమ చెవి పలికింది! కుడిది లేదు. ఫరవాలేదు.
వాడే. "హలో హలో… అమ్మా, ఏమన్న మాట్లాడు."
తర్వాత క్యాసెట్‌లోనే నేను – "ఏం మాట్లాడాల్రా, బువ్వ సల్లగైతుంది, రా."
"జర ఆగే అమ్మా, గొంతు ఎట్లొస్తదో సూస్తున్న."
"గొంతు ఏడికి పోదు. ముందు తిను."
అంతే. మిగతాదంతా నేను తిట్టిందే. వాడి మాటకు అడ్డం పడింది ఈరమ్మ ఒక్కతే కాదు.

జూన్ 26
మగ్గం మీద కూర్చుని విన్నాను. అంచుకు ఇద్దరం కావాలి, ఆయన అటు, నేను ఇటు. "గొంతు ఏడికి పోదు" దగ్గర నవ్వొచ్చింది… ఏడుపూ వచ్చింది. నాడె జారింది.
"ఏందే?"
"ఏం లే."
రెండు వేళ్ళ మందం నేశాక, తల ఎత్తకుండా అడిగాడు – "తిన్నడా ఆ పొద్దు?"
ఆ రోజు అంత ఏడుపులోనూ ఆయనకు ఆ మాట వినపడిందన్నమాట. తిన్నాడో లేదో గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. తిన్నాడని చెప్పాను.

జూన్ 27
కుడి చెవిలో అతుకు ఊడిందంతే, అంటించాను. ఊదలేదు. భాయ్ ఇంకో పాత జత చెవులిచ్చాడు. ఒక్క పిన్నుకు రెండు వైర్లు కలపవచ్చట. దానికి వైరు పొట్టిగా చేశాను, గంజి పెట్టలేదు.

జూన్ 28
రెండో జతను ఆయన కూర్చునే వైపు మేకుకు తగిలించాను. ఆయన చూశాడు. తీసెయ్యమనలేదు.

జూన్ 29
కూరగాయలకు పోయి వచ్చేసరికి ఆ చెవులు నేను పెట్టిన మేకుకు లేవు. పక్క మేకుకు ఉన్నాయి.
ఎలుక అంత పైకి ఎక్కదు.