నది మలుపు దగ్గరి నాలుగెకరాలు

షెపర్టన్ ఊరి బయట, గోల్బర్న్ నది పక్కనున్న పళ్ల తోటలో నివసించే నజీఫె బెర్బాతి అను నేను, దివంగత సెల్మాన్ కుమార్తెను, దివంగత బాయ్‌రామ్ భార్యను, ఎనభై రెండేళ్ల వయసులో, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సరిగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. లోగడ రాసినవి దీనితో రద్దు.

1. దీన్ని అమలు జరపవలసింది నా కూతురు లిరియె. కొడుకు ఎన్వెర్ పెద్దవాడే గానీ, నాలుగో క్లాజు చదివాక వాడికి చేతులాడవు.

2. ఇల్లు, తోట, ట్రాక్టరు ఎన్వెర్‌కు. మా నాన్న అల్బేనియా నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మలతో పెంచిన అంజూరపు చెట్లను, నేను హజ్‌కు వెళ్లి వచ్చేలోగా, ఒక్క మాట అడగకుండా పీకించేశాడు. ఒకటి మిగిలింది. దాన్ని కొట్టవద్దు. ఇది షరతు కాదు. షరతంటే వాడు లాయరు దగ్గరికి పరుగెత్తుతాడు.

3. రాగి కాఫీ గిన్నె మనవరాలు అర్జానాకు. పిడి వదులుగా ఉంటుంది, జాగ్రత్త.

4. నది మలుపును ఆనుకుని యూకలిప్టస్ చెట్లున్న నాలుగెకరాలు మాసూమాకు, ఆమె తర్వాత ఆమె కూతురు నర్గిస్‌కు. మాసూమా అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన హజారా తెగ మనిషి. ఆమె భర్త నవ్‌రోజ్ మా తోటలో పళ్లు కోసేవాడు. 2014 జనవరిలో, ఇక్కడ నడి వేసవిలో, పీచ్ కోతలప్పుడు, ఎండకు తాళలేక ఆ మలుపులో దిగి, అడుగున మునిగి ఉన్న చెట్ల మానుల్లో కాలు చిక్కుకుని చనిపోయాడు.

మూడేళ్లు మాసూమా నది ముఖం చూడలేదు. ఆ తర్వాత నాతో నడకకు వచ్చినా, ఒడ్డుకు ఇరవై అడుగుల దూరంలో నర్గిస్ మణికట్టు పట్టుకుని నిలబడేది. ఇప్పుడు నర్గిస్ ఆదివారాలు మసీదు పిల్లలకు ఈత నేర్పుతోంది. ఆ ఆదివారాలు ఆగకూడదు. నీళ్ల కింద మానులు ఎక్కడున్నాయో, పాములు ఎక్కడ ఎండకు పడుకుంటాయో, వరద ఏ చెట్టు దాకా వస్తుందో పిల్లలందరికీ చూపించాలి.

ఎన్వెర్ నాతో అన్నాడు: “వాళ్లు మనవాళ్లా అమ్మా? నిన్నగాక మొన్న వచ్చారు.” 1926లో మా నాన్నకు ఊళ్లో ఎవరూ గది ఇవ్వకపోతే ఆ మలుపులోనే గుడారం వేసుకుని రెండు చలికాలాలు గడిపాడు. మసీదు లేని రోజుల్లో అక్కడే నమాజు చేశాడు. నదిని ఆయనకు నేర్పింది ఒక యోర్టా యోర్టా ఆదివాసి జాలరి. ఈ నేల వాళ్లది. ఆ జాలరి పేరు నాన్న చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇదంతా ఎన్వెర్‌కు తెలుసు.

5. ఒక సంగతి పదకొండేళ్లుగా దాచాను. చనిపోయిన రోజు నవ్‌రోజ్ షెడ్డు దగ్గరికొచ్చి నన్ను పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగాడు: “ఖాలా, ఆ మలుపులో దిగొచ్చా?” నేను పెట్టెలు లెక్కపెడుతున్నాను. తలెత్తకుండానే, “నీళ్లే కదా, పని అయ్యాక నీ ఇష్టం” అన్నాను. మానుల సంగతి నాకు ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు.

ఇది నేను పోయాక చదివించుకోమని రాయించబోయాను. సిగ్గేసింది. నిన్న మాసూమాను పిలిచి నా నోటితోనే చెప్పాను, ఈ భూమి సంగతి కూడా. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. తర్వాత అంది: “పొద్దున నన్నూ అడిగాడు ఖాలా. వెళ్లి ఒళ్లు తడుపుకుని రా అన్నాను. నదంటే ఏంటో నాకేం తెలుసు.”

ఆమె కప్పు కడిగి, బోర్లించి వెళ్లిపోయింది. భూమి తీసుకుంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. లిరియె ఆమెను తొందరపెట్టకూడదు, బతిమాలకూడదు. ఆమె ఏదో ఒకటి చెప్పేదాకా, ఎన్నేళ్లయినా సరే, అక్కడ ఎవరూ కంచె వేయకూడదు.

2025 మార్చి 14, షెపర్టన్.

(సంతకం) నజీఫె బెర్బాతి

సాక్షులు:
మెరీమె జాఫెరి, మసీదు కార్యదర్శి
కొలీన్ హార్ట్, పక్క తోట