పిల్లి దగ్గర పడుకునే వంతులు

నంద్యాల జిల్లా, ఆళ్లగడ్డ టౌనులో, పాత విత్తనాల గోడౌను వెనుక రెండు గదుల ఇంట్లో కాపురముంటున్న చింతకుంట ఆదిలక్ష్మమ్మ అను నేను, కీర్తిశేషులు నరసింహులు గారి భార్యను, వయసు డెబ్బై ఒకటి, నా మంచం మీద కూర్చుని నా నోటితో చెప్పి రాయించిన వీలునామా ఇది.

నా ఒళ్ళు చెడింది గానీ బుద్ధి చెడలేదు. కడుపులో పుట్టిన గడ్డ కాలేయానికి పాకిందనీ, ఇక కోసి తీసేది ఏమీ లేదనీ కర్నూలు డాక్టర్లు చెప్పిన మాట నాకు తెలుసు. నా దగ్గర దాచామని బిడ్డలు అనుకుంటున్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది వాళ్ళ తెలివి. నా బుద్ధి సరిగా ఉందనడానికి రుజువు కావాలంటే, ఎవరెవరు నాతో ఏమేమన్నారో పొల్లుపోకుండా ఈ కింద చెప్తున్నాను. ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ ఇందులో లేదు. బుజ్జగించేవాళ్ళే ఉంటే ఈ కాగితం అవసరమే ఉండేది కాదు.

రాస్తున్నది పక్కింటి ప్రభుదాసు సారు, రిటైరైన తెలుగు పండితుడు. ఇంతలోనే ఆయన కలం ఆపాడు. "అమ్మా, వీలునామాలో తిట్లు ఉండగూడదు" అన్నాడు. "తిట్లు గాదు సారూ, జరిగిందే చెప్తాండా. రాయండి" అన్నాను. రాస్తున్నాడు.

1. నా వారసులు ముగ్గురు. పెద్దకొడుకు శ్యాంసుందర్ నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేస్తాడు. అతని భార్య రమ్య. చిన్నకొడుకు సురేష్ ఈ ఆళ్లగడ్డలోనే బోర్లు వేయించే కాంట్రాక్టరు, అద్దె ఇంట్లో ఉంటాడు. కూతురు గీతాంజలి బెంగళూరులో బ్యాంకు ఉద్యోగి. ఈ వీలునామాను అమలు చేయవలసిన నిర్వాహకుడు పాములపాడులో ఉండే నా తమ్ముడు ఓబయ్య. వాడికి చదువు తక్కువ, మొండితనం ఎక్కువ. నాకు కావలసింది ఆ మొండితనమే.

2. ఆస్తులు చెప్పే ముందు నేను ఈ రెండు గదుల్లోకి ఎట్లా వచ్చానో చెప్పాలి. చెప్పకపోతే కింది నిబంధనలు పిచ్చిదాని రాతల్లా కనబడతాయి.

నా భర్త పోయాక కొడుకులిద్దరూ నన్ను వంతులు వేసుకున్నారు. ఒక నెల నంద్యాల, ఒక నెల ఆళ్లగడ్డ. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా ఇంట్లో పిల్లలే తల్లిని తిప్పారు. అది నలుగురిలో కూర్చుని ఒప్పుకున్న మాట కాబట్టి నేను తప్పు పట్టలేదు. నెల కాగానే సంచి సర్దుకుని బస్సెక్కేదాన్ని.

జబ్బు బయటపడ్డాక ఆ వంతులు ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి. అప్పుడు నేను నంద్యాలలో ఉన్నాను. శ్యాంసుందర్ కొత్త ఇంటికి గృహప్రవేశం అయి ఏడాది తిరగలేదు. రమ్య ఎవరో పంతుల్ని పిలిపించి, నేను ఏ నక్షత్రంలో పోతే ఏమవుతుందో అడిగించింది. ధనిష్ఠలాంటి చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసిపెట్టాలని ఆయన చెప్పాడు. ఈ మాట మా వైపు అందరూ పాటించేదే, నేనూ పాటించినదాన్నే. కానీ బ్రతికి ఉన్న మనిషిని ముందే బయట పెట్టమని ఏ పంచాంగంలోనూ లేదు. ఆ రోజు శ్యాంసుందర్ నా మంచం దగ్గరికి వచ్చి, "కొత్త ఇల్లు గదమ్మా. ఏమన్నా అయితే ఆర్నెల్లు మేమంతా యాడికి పోవాల?" అన్నాడు. నాకు అన్నం తినిపిస్తున్నంత మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనాన్ని నేను క్షమించలేను.

సురేష్ దగ్గరికి పోదామంటే, "నాదేముందమ్మా, నాకు ఇష్టమే. అద్దె ఇంట్లో చావు జరిగితే ఓనరు ఒప్పుకోడు, నువ్వే ఆలోచన చెయ్" అన్నాడు. ఆలోచన కూడా నన్నే చెయ్యమన్నాడు. ఈ గోడౌను వెనుక ఇల్లు నాది కాబట్టి, ఇక్కడ ఎవరికీ నష్టం లేదు కాబట్టి, నన్ను తెచ్చి ఇక్కడ దించారు. సురేష్ ఇంటి నుంచి రెండు పూటలా క్యారియర్ వస్తుంది. ఆదివారం శ్యాంసుందర్ కారు వస్తుంది. బత్తాయిలు ఇచ్చి, గుమ్మంలోనే నిలబడి "ఎట్లుండావమ్మా?" అంటాడు. చెప్పులు కూడా విప్పడు.

నేను అడిగింది ఆస్తి కాదు, పెద్ద వైద్యమూ కాదు. రాత్రిపూట నా పక్కన నా బిడ్డల్లో ఒకరు ఉండాలన్నాను. చెయ్యి పట్టుకోమని కూడా అనలేదు, ఇదే కప్పు కింద పడుకోమన్నాను. ఈ మాట ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. దానికి జవాబుగా వచ్చింది పిల్లి.

గీతాంజలి తెచ్చింది. తెల్లది, బొచ్చుది, చప్పిడి ముక్కుది. "లీవు దొరకల్యామ్మా. జబ్బుగా ఉండేటోళ్ళకు పిల్లి తోడుంటే మనసు నెమ్మదిస్తాదంట. ఊరికే నీ పక్కన పండుకుంటాది" అంది. పొద్దున వచ్చింది, సాయంత్రం బెంగళూరు బస్సెక్కింది. మనిషి కావాలన్నదానికి పిల్లిని ఇచ్చి పోయింది. అన్నలిద్దరూ చెల్లెలి తెలివిని మెచ్చుకున్నారు. "ఇంగ మాకు దిగుల్లేదు" అన్నాడు సురేష్. వాడి దిగులు తీరడానికే ఆ పిల్లి వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

3. ఆ పిల్లి గురించి. దానికి గీతాంజలి పెట్టిన పేరు స్నోయీ. నేను "ఏయ్" అంటాను, అది పలుకుతుంది. ఎలుక కనబడితే నా మంచం కిందికి దూరుతుంది. పాల గిన్నెలో మీసాలు తడిస్తే అలుగుతుంది. మొదటి వారం దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది, రెండుసార్లు చీపురు విసిరాను. తప్పు దానిది కాదని తర్వాత తెలిసింది. దాన్నీ నాలాగే ఎవరూ అడగకుండా తెచ్చి ఇక్కడ దించారు. ఇప్పుడు అది నొప్పి ఉన్నవైపే, కడుపు మీద పడుకుంటుంది. దాని ఒంటి వేడికి నాకు కాస్త నిద్ర పడుతుంది. దాని మీద నాకు ప్రేమ ఉంది. బిడ్డలు చదివేటప్పుడు ఈ వాక్యం వినబడాలని రాయిస్తున్నాను.

4. ఆళ్లగడ్డలోని ఈ రెండు గదుల ఇల్లు, దాని ఖాళీ స్థలంతో సహా, నా స్వార్జితం. గేదెల పాలు అమ్మి నేను కొన్నది. ఇందులో వేరెవరికీ హక్కు లేదు. నా తదనంతరం దీన్ని ముగ్గురు బిడ్డలకూ సమానంగా ఇస్తున్నాను. అయితే, పైన చెప్పిన పిల్లి బ్రతికి ఉన్నంతకాలం ఈ ఇంటిని అమ్మరాదు, బాడుగకు ఇవ్వరాదు, పంచుకోరాదు. పిల్లిని ఈ ఇంటి నుంచి కదిలించరాదు.

పిల్లికి ఆస్తి రాయడం చెల్లదని ప్రభుదాసు సారు చెప్పాడు. అందుకని పిల్లికి ఏమీ రాయడం లేదు. దాని దగ్గర పడుకునే వంతులు మాత్రం రాస్తున్నాను. మొదటి నెల శ్యాంసుందర్, రెండో నెల సురేష్, మూడో నెల గీతాంజలి, తిరిగి శ్యాంసుందర్. వంతు వచ్చినవారు ప్రతి రాత్రీ ఈ ఇంట్లోనే, స్వయంగా పడుకొనవలెను. పనిమనిషిని పంపరాదు, డ్రైవరును పంపరాదు. లీవు దొరకలేదన్న మాట చెల్లదు. వంతు ఎగగొట్టినవారి భాగం మిగతా ఇద్దరికీ చెందును. ముగ్గురూ ఎగగొడితే ఇల్లంతా ప్రభుదాసు సారు భార్య లూదియాకు చెందును. ఈ ఆఖరి వాక్యం రాయడానికి సారు ఒప్పుకోలేదు. "మా ఇంటిది నన్ను తిడ్తాది" అన్నాడు. తిట్టించుకొమ్మన్నాను.

నేను పోయిన నక్షత్రం మంచిది కాదనీ, ఇల్లు మూసెయ్యాలనీ ఏ పంతులు చెప్పినా పిల్లి వంతులు ఆగవు. నిజం చెప్పాలంటే నేను ధనిష్ఠలోనే పోవాలని దేవుడికి మొక్కుకుంటున్నాను. ఏ నక్షత్రానికి భయపడి నన్ను ఇంట్లోంచి పంపారో, ఆ నక్షత్రం పట్టిన ఇంట్లోనే మీరు చాప వేసుకుని పడుకోవాలి. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అని నవ్వుకోవద్దు. ఇది శాపం కాదు, దస్తావేజు.

ఇంకో మాట. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానమిచ్చినా ఆ పాపం పోదని పెద్దలంటారు. పాపానికి మీరు భయపడరని తెలుసు కాబట్టి ఇంకోటి కూడా రాయిస్తున్నాను. పిల్లి మామూలుగా కాక వేరేగా చచ్చినట్టు ఓబయ్యకు అనుమానం వస్తే చాలు, అప్పుడు కూడా ఇల్లు లూదియాదే.

5. ఉయ్యాలవాడ పొలం నా భర్త నుంచి నాకు వచ్చింది. దాన్ని కొడుకులిద్దరూ చెరిసగం సర్వహక్కులతో అనుభవించవలెను. ఇందులో షరతు లేదు. నా కోపం వాళ్ళ నాయన చెమట మీద తీర్చుకోను.

6. కోడలు రమ్యకు నా పంచాంగం ఇస్తున్నాను. ప్రతి ఉగాదికీ కొత్తది ఒకటి కొని, నా పేరు చెప్పి ఆమె చేతికి ఇవ్వవలసిన బాధ్యత ఓబయ్యది. వయసు ఆమెకూ వస్తుంది, కోడళ్ళు ఆమెకూ వస్తారు. అప్పుడు ఏ రోజు ఏ నక్షత్రమో ఆమె దగ్గర సిద్ధంగా ఉండాలి.

7. గీతాంజలికి నా చేతి గాజులు. ఈ పిల్ల మీదే నాకు అందరికంటే ఎక్కువ కోపం, ఎందుకంటే ఈ పిల్ల మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. చిన్నప్పుడు జ్వరం వస్తే నా కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది. నేను బయటికి కూడా పోకుండా అట్లాగే కూర్చునేదాన్ని. గాజులు చెరిపించి కొత్త డిజైను చేయించుకోవద్దు. బిగుతైనా అట్లాగే తొడుక్కోవలెను.

8. లూదియా గిన్నెలు నా దగ్గర ఉండిపోయాయి. క్యారియరు అన్నం నాకు సయించడం లేదని చూసి ఆమె జొన్న సంగటి, పలుచటి చారు తెచ్చి పెట్టేది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని ఆపాను. నిండుగా పంపడానికి పొయ్యి దగ్గర నిలబడే శక్తి నాకు రాలేదు. కాబట్టి నా కర్మంతరం అయిన మరునాడు గీతాంజలి తన చేతులతో ఓళిగలు చేసి, ఆ గిన్నెల నిండా పెట్టి, ఆమె ఇంటికి పోయి ఇచ్చి రావలెను. అంగట్లో కొన్నవి పెట్టరాదు, లూదియాకు తెలిసిపోతుంది. నా నేత చీరలన్నీ కూడా ఆమెవే. కట్టినవని ఆమె అనుకోదు.

9. ఇంతకు ముందు నేను ఎవరికైనా నోటిమాటగా ఏదైనా ఇస్తానని ఉంటే అది చెల్లదు. ఇదే నా ఆఖరు మాట. ఈ కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, ఓబయ్యకు అప్పగిస్తున్నాను. నేను పోయి, కర్మంతరం ముగిశాక అతను ముగ్గురినీ ఈ గదిలోనే కూర్చోబెట్టి చదివించవలెను. కవరు తీసుకోవడానికి వచ్చి ఇదంతా విన్న ఓబయ్య, "అక్కా, పిల్లోల్లు కుమిలిపోతారే" అన్నాడు. "పోనీలేరా" అన్నాను.

అయితే నేను బ్రతికి ఉన్నంతవరకూ దీన్ని రద్దు చేసుకునే హక్కు నాకు ఉంది. ముగ్గురిలో ఎవరైనా సరే, ఒకరు వచ్చి, చెప్పులు విప్పి, సంచి లోపల పెట్టి, "అమ్మా, ఈడనే ఉంటా" అంటే చాలు. మరునాడు పొద్దున్నే ఓబయ్యకు ఫోన్ చేయించి, కవరు తెప్పించి పొయ్యిలో పెట్టిస్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగను. ఈ సంగతి మీకు చెప్పనని ఓబయ్య నా చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. ఆస్తి పోతుందని పరుగెత్తుకొచ్చే బిడ్డ నాకు వద్దు. రాత్రిళ్ళు తలుపుకు గడియ కూడా పెట్టుకోవడం లేదు.

కాబట్టి శ్యాంసుందరూ, సురేషూ, గీతాంజలీ, ఈ కాగితాన్ని ఓబయ్య మీ ముందు చదివిస్తున్నాడంటే, ఎవరూ రాలేదు.

ఆళ్లగడ్డ, 2025 నవంబరు 20, గురువారం.

(సంతకం)
చింతకుంట ఆదిలక్ష్మమ్మ

పైన చెప్పిన ఆదిలక్ష్మమ్మ గారు అంతా చదివించుకుని విని, మేమిద్దరం చూస్తుండగా సంతకం చేశారు. ఆమె చూస్తుండగా మేము సాక్షి సంతకాలు చేశాము.

1. కొండయ్య, టీ అంగడి, ఆళ్లగడ్డ
2. మద్దిలేటి, ఆటో డ్రైవరు, ఆళ్లగడ్డ

ఆమె చెప్పగా రాసినవారు: ప్రభుదాసు, రిటైర్డు తెలుగు పండితుడు, ఆళ్లగడ్డ