నడుముకిచ్చిన గోలీ

కనేరి, భివండి
14-7-2003

మామకు నమస్కారం.

రెండు రోజులుగా వాన. పొద్దున రేకుల మీద ప్లాస్టిక్ కప్పి, ఇప్పుడు ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

వినోద మీ దగ్గరికి ఎందుకు వచ్చేసిందో చెప్పే ఉంటుంది. నా గోలీల పట్టీ తీసుకుపోతే మెడికల్ షాపువాడు "యే దిమాక్ కీ గోలీ హై, భాభీ" అన్నాడట, మెదడుకిచ్చే మందని. "నడుము నొప్పికి దిమాక్ గోలీ ఏంది? ఏం దాస్తున్నవ్ నా దగ్గర?" అని అడిగింది. ఎలా చెప్పాలో తోచక పట్టీ జేబులో వేసుకుని పనికి పోయాను. పిచ్చి ఉందని ఒప్పుకున్నట్టయింది.

డాక్టరు చెప్పింది రాసుకున్నాను. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది ఒక్కోసారి నొప్పిని తగ్గిస్తుంది, ఒక్కోసారి పెంచుతుంది కూడా. ఈ గోలీ తగ్గించే వైపు సాయం చేస్తుందట. దిగులుకూ ఇదే ఇస్తారు. నాకిచ్చింది నడుముకే.

పిచ్చి లేదని చూపడానికి వారం కింద మానేశాను. ఇప్పుడు కార్ఖానాలో సాంచా మగ్గం దగ్గర గంటసేపు నిలబడలేకపోతున్నాను. మింగితే వినోద రాదు, మింగకపోతే పని సాగదు.

డాక్టరు మనసెలా ఉందని కూడా అడిగాడు. బాగుందన్నాను. అప్పుడు వినోద ఇంట్లోనే ఉంది. వచ్చే వారం గురువారం మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ అడుగుతాడు. ఆలోగా ఆమెను పంపండి.

మీ అల్లుడు