మొద్దులు తీసిన గుట్ట

జంగుగూడెం, గోలేటి మీదుగా
12-7-1988, మంగళవారం

అవ్వకు, నీ బిడ్డ అనసూర్య కాళ్ళకు మొక్కి రాస్తున్న ఉత్తరం. బాపు, నేను ఇక్కడ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాం. నువ్వు, సదయ్యన్న, పక్కింటి మైమూనా వాళ్ళు అందరూ బాగుండాలి. మైమూనా, దీన్ని అవ్వకు నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. గబగబా చదవకు. అన్న ఇంట్లో ఉన్నప్పుడే చదువు.

నువ్వు రాయించిన ఉత్తరం శుక్రవారం అందింది. ముందు అడిగినవాటికి జవాబు చెబుతాను. బాపు దగ్గు తగ్గింది. గుడిసెకు కొత్త గడ్డి కప్పాం, కురవడం లేదు. ఎలుగుబంటి వస్తుందా అన్నావు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఒకసారి వచ్చి పోయింది. "సుట్టం తినిపోయింది, మనకేం మిగల్చలే" అని బాపు దాని గురించి ఇప్పటికీ నవ్వుతాడు.

ఇక అన్న సంగతి. గనిలో పనికి పిలుపు కాగితం వచ్చిందనీ, వచ్చే సోమవారంలోగా చేరకపోతే అది పోతుందనీ రాయించావు. "గుట్ట మీద రెండెకరాలు ఉండంగ నేను భూమిలకు ఎందుకు దిగాలె" అని అన్న మొండికేస్తున్నాడనీ, ఖనిలో అద్దె గది ఖాళీ చేసి ఇద్దరూ ఇక్కడికే వస్తారనీ రాయించావు. "సదువుకున్నదానివి, నువ్వు ఎట్ల చెప్తే అట్ల" అని చివర రాయించావు. ఆ మాట చదివి శుక్రవారమంతా గర్వపడ్డాను. శనివారం వాన పడింది.

ఎలా రాయాలో తెలియడం లేదవ్వా. పంట పోయిందంటే నీకు సగమే చెప్పినట్టు. పొలమే పోయింది.

మధ్యాహ్నం బాపు, నేను జొన్న గటక తింటున్నాం. ఒక్కసారిగా కుండలతో కుమ్మరించినట్టు మొదలైంది. గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. నాగలి చాళ్ళు గుట్ట పైనుంచి కిందికి ఉన్నాయి కదా, నీళ్ళు వాటినే దారి చేసుకున్నాయి. కాసేపటికి ఒక్కో చాలు ఒక్కో కాలువ అయింది. జానెడు ఎత్తు జొన్న మొలకలు నిలబడినవి నిలబడినట్టే, తమ మట్టితో సహా కిందికి కదిలాయి. ఎవరో చాపను లాగుతున్నట్టు. బాపు ఉరికి, మోకాళ్ళ లోతు బురదలో కూర్చొని రెండు చేతులతో గట్టు వేయబోయాడు. ఆ గట్టు కూడా ఆయన చేతుల్లోంచే జారిపోయింది.

గంటన్నరలో అంతా అయిపోయింది. తెల్లటి బండ బయటపడింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా బండే. దాని మీద ఉన్నది మూరెడు మట్టి కూడా కాదని మాకు అప్పుడే తెలిసింది. నిరుడు చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో గింజలు వేస్తే వచ్చిన కంకులను ఖనికి తెచ్చిన రోజు నువ్వు కళ్ళకద్దుకున్నావు కదా. ఆ పంటంతా ఆ కాస్త మట్టి పెట్టిందే.

ఆ మట్టి ఎక్కడికి పోయిందో కూడా చెప్పాలి. గూడెంలోని పదకొండు ఇళ్ళూ తాగేది వాగు పక్క ఇసుకలో తవ్వుకున్న చెలిమె నీళ్ళు. మన మట్టి దాన్ని నిండా పూడ్చేసింది. గూడెం పెద్ద జంగుతాత వచ్చి ముందు, "బుచ్చన్నా, పానంతో ఉన్నవా?" అని బాపును అడిగాడు. తర్వాత బండను చూశాడు. "మొద్దులుంటే పట్టుకుంటుండె" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

గూడెం వాళ్ళు పోడు కొట్టే తీరు వేరు. చెట్టును నడుమెత్తులో నరికి మొద్దును ఉంచుతారు. నాగలి పెట్టరు, పుల్లతో గుంత చేసి గింజ వేస్తారు. రెండు మూడేళ్ళకు ఆ చోటు వదిలేస్తే మొద్దులు చిగిర్చి మళ్ళీ అడవి అవుతుంది. జంగుతాత చిన్నప్పుడు పన్నెండేళ్ళకు గానీ పాత చోటికి తిరిగి వచ్చేవాళ్ళు కారట. ఇప్పుడు నాలుగేళ్ళకే వస్తున్నారు. మనలాంటి వాళ్ళం కింది నుంచి నరుక్కుంటూ వచ్చాక వాళ్ళకు పోవడానికి చోటేది? వాళ్ళ పోళ్ళలో కూడా రాళ్ళు తేలుతున్నాయి. ఊర్లో మన భూమి గని కింద పోయిన బాధ నాకు తెలుసు గానీ, మన రాకతో వీళ్ళకు ఏం పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున బాపు నా ముందు కూర్చొని, "బిడ్డా, నీ పుస్తకం తియ్యి. మట్టి పోతే ఏం జెయ్యాల్నో రాసుంటది, సూడు" అన్నాడు. తీయాలంటే నాకు భయమేసింది. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఇన్ని రోజులూ నీకు చెప్పని మాట ఇది.

ఉగాది అయ్యాక జంగుతాత మన గుడిసెకు వచ్చాడు. "మొద్దులు తియ్యకు బుచ్చన్నా. గుట్ట నిలువది" అన్నాడు. బాపు గడ్డపార కింద పెట్టాడు. ఆయన వినేవాడే అవ్వా. నేనే బడిలో చదివిన వ్యవసాయం పుస్తకం తెచ్చి, మొద్దులను వేళ్ళతో సహా తీసి లోతుగా దున్నాలని గట్టిగా చదివాను.

"ఆ కాయితం ఎన్నడన్న ఈ గుట్ట ఎక్కిందా పిల్లా?" అన్నాడు తాత.

నేను నవ్వాను. "సదువుకున్నోళ్ళు రాసింది తాతా, నీకు ఎట్ల తెలుస్తది" అన్నాను. బాపు ఆయన వైపు చూసి, "నా బిడ్డ ఇంటర్ సదివింది" అన్నాడు. నలభై రోజులు ఒక్కడే తవ్వాడు.

ఆదివారం అదే పేజీ తీశాను. పక్కనే బొమ్మ ఉంది. అందులో పొలం పీటలా చదునుగా ఉంది. ఒడ్డున కాలువ. గుట్ట లేదు. ఆ అక్షరాలన్నీ గట్టిగా చదివిన నేను ఆ బొమ్మను చూడనే లేదు.

బాపుకు చూపించి అంతా చెప్పాను. ఆయన ఆ బొమ్మను వెలుతురులోకి పట్టుకొని చూశాడు. తిడితే బాగుండు అనుకున్నాను.

"సదివింది నువ్వు. తవ్వింది నేను గదా" అన్నాడు చివరికి. "ముప్పై ఏండ్ల సంది ఎవుసం చేసినోన్ని. నాకు కండ్లు లేవా?"

లేచి పార, గంప పట్టుకొని చెలిమె దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మూడు రోజులుగా గూడెం వాళ్ళతో కలిసి తోడుతున్నాం. జంగుతాత కోడలు మమ్మల్ని చూడగానే, "నీ రెండెకరాలు మా చెలిమెల ఉన్నయి బుచ్చన్నా, గంపల పెట్టుకోని తీస్కపో" అంది. అందరూ నవ్వారు, బాపు కూడా. నాకు ఏడుపొచ్చింది. ఇప్పటికి నడుములోతు తీశాం. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఊరుతున్నాయి. అవి తేటబడేదాకా మేమిద్దరం ఈ గూడెం విడిచి రాం.

ఈ ఉత్తరం ఖనికి లారీలో పోతున్న పోశం కాక చేతికి ఇస్తున్నాను. రేపు నీకు అందుతుంది. గది ఖాళీ చేయకు. అన్నను గురువారమే బస్సెక్కి గోలేటిలో దిగమను, అక్కడికి బాపు ఎదురొస్తాడు. నేను రాశానని నమ్మి ఏదీ తేల్చుకోవద్దు. ఆ బండ మీద నిలబడి తన కళ్ళతో చూడమను. బాపును అడగమను, జంగుతాతను అడగమను. సోమవారం ఏ పనికి పోవాలో ఆ తర్వాత తనే చెప్పాలి. ఈసారి నన్ను మాత్రం అడగొద్దని చెప్పు అవ్వా.

ఇట్లు,
మట్టి చేతులతో రాస్తున్న నీ బిడ్డ,
అనసూర్య