మే నెలలో కొలిచిన రోడ్డు

అన్నా,

నీ లారీ బోల్తాపడిన చోటికి నిన్న కొలతలవాళ్ళు వచ్చారు. అదే, ఉదయగిరి రోడ్డులో దుత్తలూరు దాటాక, కల్వర్టు పక్కన. రోడ్డు గ్యాంగులో ఉన్నాను కదా, సాయానికి నన్నే పంపారు.

కంకర నింపిన లారీని అక్కడ నిలబెట్టి, వెనక జంట టైర్ల మధ్య పొడవాటి ఇనుప బద్ద దూర్చారు. లారీ మెల్లగా ముందుకు కదిలితే, బరువుకు కుంగిన రోడ్డు ఎంత పైకి లేచిందో బద్ద చివరనున్న ముల్లు చూపిస్తుంది. నువ్వుంటే ఆ డ్రైవరును దింపేసి నువ్వే నడిపేవాడివి.

ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. మే నెల ఎండకు నేల రాయిలా ఉంది మరి. నువ్వు పోయింది కార్తీకంలో. వారం రోజులు ముసురు పట్టి, కల్వర్టు పక్కన నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీ ఎడమ చక్రం దిగబడిన గుంతలో మోకాలిదాకా నిలబడి నిన్ను బయటికి లాగింది నేనే.

"సార్, వానలప్పుడొచ్చి చూడండి. ఈడంతా దిగబడతాది" అన్నాను.

"అందాకా రిపోర్టు ఆగదయ్యా. రోడ్డు స్ట్రాంగుగా ఉండాది. తప్పు డ్రైవరుదే" అన్నాడు ఇంజనీరు.

అదే రాసి, దగ్గరున్నవాళ్ళు సంతకం చేయాలంటూ కాగితం నా ముందుకు తోశాడు. ఆ కల్వర్టు దగ్గర నువ్వెప్పుడూ రెండో గేరు దాటవని నాకు తెలుసు. కానీ గ్యాంగులో నేనింకా పర్మినెంటు కాలేదు.

పెట్టాను అన్నా. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని నువ్వు దిద్దించిన సంతకమే.