బంగారమ్మ తపేలా

1954 జూన్ 22, మధ్యాహ్నం

ఆయన డ్యూటీకి వెళ్లారు. పిల్ల నిద్రపోతోంది. రైల్వే వాళ్లిచ్చిన ఈ డైరీ ఆర్నెల్లుగా ఖాళీగా పడి ఉందట. చదువుకున్నదానివి కదా, ఏదో ఒకటి రాసుకో అని నిన్న నా ముందు పడేశారు. బొబ్బిలిలో ఎనిమిదో క్లాసు దాకా చదివాను. దానికి ఫలితం ఇదన్నమాట. సరే, రాస్తాను. ఎవరికీ చూపించను.

రాయ్‌పూర్ వచ్చి ఇరవై రోజులైంది. నేను ఆయనకి రెండో భార్యని. ఆయన పేరు రామమూర్తి అని కాగితం మీద రాయవచ్చు, నోటితో అనకూడదు. గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. మొదటావిడ బంగారమ్మ రెండేళ్ల కిందట టైఫాయిడ్‌తో పోయింది. ఆవిడ కూతురు పైడమ్మకి ఏడేళ్లు. నన్ను పిన్నీ అంటుంది, అదీ తప్పనిసరైతేనే.

ఈ క్వార్టర్లో వంటిల్లు నాది అంటారు అందరూ. ఎక్కడ నాది? బిందె మీద బంగారమ్మ. గుండిగ మీద బంగారమ్మ. చెంబుల మీద, పళ్లేల మీద, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. అట్లకాడని కూడా వదల్లేదు. అట్లకాడ ఎవరెత్తుకుపోతారు తల్లీ! పులుసు కాచే ఇత్తడి తపేలా ఒక్కదానికే పేరు బయట లేదు. లోపల, మూతికి రెండు వేళ్ల కింద, తగరపు కళాయి పూత మాటున మసకమసగ్గా ఉంది. వంట చేసే మనిషికి తప్ప ఇంకెవరికీ కనబడని చోటు. నేను వస్తానని తెలిసి నాకోసమే కొట్టించినట్టుంది.

జూన్ 27, ఆదివారం

గోల్ బజార్ వెళ్లాం. ముగ్గురం ఒక్క రిక్షాలో. పిల్ల మా మధ్య కూర్చోలేదు, ఆయన ఒళ్లో కూర్చుంది.

అల్యూమినియం గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి నా ఎత్తున నిలబెట్టారు. ఒకటి తీసి చూస్తే బరువే లేదు. లోపలా బయటా ఎవరి పేరూ లేదు. ఇది కావాలన్నాను. లే జావో బహెన్‌జీ, హల్కా హై, జల్దీ గరమ్ హోతా హై, తేలికట, తొందరగా వేడెక్కుతుందట, అని దుకాణం వాడు నాకే వంత పాడాడు. ఆయన మాత్రం, సిల్వరు గిన్నెలో చింతపండు పులుసు నల్లబడిపోద్ది వరాలూ, ఇంట్లో సామాను ఇంతుంటే మళ్లీ ఇదెందుకు అన్నారు. పాత పెనం కన్నం పడింది కాబట్టి ఇనప పెనం ఒకటి కొన్నారు. దానికి తల ఊపి వచ్చేశాను.

మా ఇంట్లో పులుసు ఎప్పుడూ రాచ్చిప్పలోనే కాచేవాళ్లం. బయల్దేరేటప్పుడు అమ్మ ఒకటి గోనెలో చుట్టి ఇచ్చింది. గుమాస్తాగారింట్లో రాతిచిప్పల్లో వండితే నవ్వుతారే అని బొబ్బిలి స్టేషన్లోనే ఆవిడ చేతుల్లో పెట్టేశాను. నా డాబు తగలెయ్య. ఇప్పుడు అది ఉంటే ఆ తపేలా మొహం చూడక్కర్లేకపోయేది.

జూలై 4

ముక్కల పులుసు పెట్టాను. పైడి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. అమ్మ పులుసు ఇలాగుండదు నాన్నా అంది. ఆయన ఏమీ అనలేదు. అననందుకే నాకు మండింది.

సాయంత్రం ఇటుక పొడి, చింతపండు పెట్టి తపేలా తోమాను. లోపల ఆ పేరు ఉన్న చోట చేతులు నొప్పెట్టేదాకా తోమాను.

జూలై 9

తోమాను. ఇంకా ఉంది.

జూలై 18

ఎంత తోమితే అంత తేటగా కనిపిస్తోంది ఆ పేరు! వచ్చిన కొత్తలో మసగ్గా ఉండేది. ఇప్పుడు పసుప్పచ్చగా మెరుస్తోంది. నాలుగు అక్షరాలూ నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. పక్క క్వార్టర్ దాలమ్మ, ఫైర్‌మన్ భార్య, మొన్న గోడ మీంచి చూసి, ఓలమ్మ, ఏటి తోముతున్నావే, అద్దంలాగుంది అని మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకుంటే నాకేం సంబరం లేదు. అయినా మర్నాడు ఇంకాస్త గట్టిగా తోమాను.

ఒక్క మాట నిజం రాస్తాను. చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడడం సిగ్గుచేటని తెలుసు. అయినా పడుతున్నాను. బతికున్న మనిషైతే నాలుగు మాటలని ఊరుకుందును.

ఆగస్టు 5

వాన వదలడం లేదు. సిగిడీలో బొగ్గులు అంటుకోక కళ్లు మండిపోతున్నాయి.

దాలమ్మ ఇవాళ చూరు కింద నిలబడి తపేలాలోకి తొంగి చూసింది. లోపల ఇత్తడి అగుపిస్తోందే, కళాయి పోనాది, వేయించుకో అంది. కళాయివాడెక్కడ అంటే, వానాకాలం వోడు రాడమ్మా, గావ్ పోయి నాట్లేసుకుంటాడు, దసరా ముంగిట వస్తాడు, అందాకా దీంట్లో పులుపొండకు అంది.

కుండ తెచ్చుకోవచ్చు. బజారు ఎంత దూరం? కానీ ఆయన్ని అడగాలి. అడిగితే మళ్లీ ఆ మాటే, ఇంట్లో సామాను ఇంతుంటే అని. అడగను. ఆయన ముద్దు చేసుకునే తపేలాలోనే వండుతాను.

ఆగస్టు 12, గురువారం

ఆనపకాయ పులుసు. ఇవాళ పైడి మారు వడ్డించుకుంది! మొదటిసారి. మిగిలింది తపేలాలోనే ఉంచి మూత పెట్టాను. మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది కదా. రేపు వరలక్ష్మీవ్రతం, నాకు ఉపవాసం. ఆయనకి తెల్లారే డ్యూటీ.

ఆగస్టు 13, పగలు మూడు గంటలకి

 రాయకపోతే ఉండలేను.

పొద్దున్న పైడికి ఆకలేస్తే చద్దన్నంలో నిన్నటి పులుసు వేసి పెట్టాను. పూజ సామాను సర్దుతున్నాను. తొమ్మిదింటికి పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. వాంతులు. ఆగలేదు. మొహం తెల్లగా పాలిపోయింది. దాలమ్మ పరుగెత్తుకొచ్చి, ఏటి పెట్టినావు పిల్లకి, ఏటి పెట్టినావు అని నా భుజాలు పట్టి ఊపేసింది. ఆవిడే రిక్షా పిలిచింది. రైల్వే డిస్పెన్సరీకి తీసుకెళ్లాం. దారంతా పిల్ల నా ఒళ్లో ఉంది. నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఇన్నాళ్లలో నన్ను తనంతట తాను ముట్టుకోవడం ఇదే మొదలు.

ఆయన వచ్చారు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. పీట మీద కలశం, పువ్వులు అలాగే ఉన్నాయి. దీపం కొండెక్కింది.

ఆగస్టు 14

గండం గడిచిందట. డాక్టరు ఇంట్లో గిన్నెలు తెమ్మంటే ఆయన తపేలా సంచీలో వేసుకుని తీసుకెళ్లారు. డాక్టరు లోపల వేలితో రాసి చూసి, కళాయి పూర్తిగా పోయింది, రాత్రంతా పులుపు నిలవుండి చిలుము దిగింది అన్నారట. పిల్ల ఒంట్లో బలం ఉండబట్టి బతికింది అన్నారట.

ఆయన తిరిగొచ్చి తపేలా అటక మీద పెట్టారు. నువ్వు చూసుకోలేదా అని అడిగారు.

చూడలేదండీ అన్నాను.

ఆగస్టు 16

అబద్ధం చెప్పాను.

చూశాను. శుక్రవారం పొద్దున్న మూత తీసినప్పుడు మూతి కింద, సరిగ్గా ఆ పేరు చుట్టూ, ఆకుపచ్చగా చెమ్మ ఉంది. కొంగుతో తుడిచేశాను. తుడిచి, వడ్డించాను. విషమని అనుకోలేదు, ఆ వరలక్ష్మి తల్లి మీద ఒట్టు. మరి ఏమనుకున్నాను? ఆవిడ తపేలా, ఆవిడ పిల్ల, ఏమైతే నాకేం అనుకున్నాను. క్షణంసేపు. ఆ కొంగునే పిల్ల గుప్పిట్లో పట్టుకుంది.

ఆగస్టు 20

పైడి ఇంటికొచ్చింది. గంజి తాగుతోంది. కుళాయి దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు మాటలాపేస్తున్నారు. అందరూ తినే పులుసే అయితే పిల్ల ఒక్కర్తికే ఎందుకొచ్చినాది, మారుతల్లి కదేటి అని దాలమ్మ అందట. అందట ఏమిటి, నేను బిందె దించుతుండగా నాకు వినబడేటట్టే అంది. నెలన్నరగా ఇటుక పొడెట్టి రుద్దుతుంటే నా కళ్లారా సూసినాను అని కూడా అంది. రుద్దినమాట అబద్ధమా? ఏమని పోట్లాడను?

ఆగస్టు 28

ఆయనతో చెప్పేశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక, చెయ్యి కడుక్కోబోతుంటే. పేరు చెరిగిపోవాలని తోమానని చెప్పాను. దాలమ్మ ముందే హెచ్చరించిందని చెప్పాను. ఆకుపచ్చగా చూసి తుడిచేశానని చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు. డాక్టరు తప్పంతా తపేలా మీద వేశారు, నామీద కాదు. కానీ పిల్ల నా వెనకే తిరుగుతోంది, పిన్నీ మంచినీళ్లు, పిన్నీ జడ అంటూ. 

తిడతారనుకున్నాను. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత చొక్కా తొడుక్కుని వెళ్లిపోయారు.

ఆగస్టు 29

పొద్దున్న పైడి కంచంలో అన్నం కలిపి పెట్టాను. పిల్ల ముద్ద ఎత్తబోతే, ఆగమ్మా అన్నారు. ఆయనే ఆ కంచంలోంచి ఓ ముద్ద తీసుకుని తిన్నారు. మింగి కాసేపు ఆగారు. ఇప్పుడు తిను అన్నారు.

ఆగస్టు 30

ఇవాళా అంతే.

సెప్టెంబరు 8

పదకొండు రోజులుగా ప్రతి పూటా ఆయన ముందు రుచి చూస్తారు. తిట్టరు. కొట్టరు. పుట్టింటికి పొమ్మనరు. డ్యూటీలో ఉంటే క్యారేజీ స్టేషన్‌కి తెప్పించుకుని అక్కడ తిని, తిన్నానని కబురు పంపాకే పిల్లకి పెట్టాలి. ఆ కబురు తెచ్చేది దాలమ్మ మొగుడు. అంటే ఊరంతటికీ తెలుసు. పిల్లకి ఆకలేసి ఏడుస్తుంటే అన్నం ముందు పెట్టుకుని కబురు కోసం గుమ్మంలో నిలబడతాను. నాలుగు తగిలించినా ఇంతకంటే నయం కదా!

నిన్న ఆయనే అల్యూమినియం గిన్నె కొని తెచ్చారు, నేను ఆ రోజు చేత్తో పట్టుకున్న సైజే. గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. ఎంతో ముచ్చటపడ్డ గిన్నె. చూస్తే ఏడుపొచ్చింది. దాంట్లో పాలు కాస్తున్నాను. పులుసుకి ఒక కుండ తెచ్చుకున్నాను, ఈసారి అడిగే తెచ్చుకున్నాను. కుండ పులుసు బాగానే ఉంది. ఆయన ముందు తిని, తర్వాత పిల్ల తింటే బాగుందో లేదో ఎవరు చెబుతారు?

సెప్టెంబరు 30, పదకొండు గంటలకి

కలైవాలా వచ్చాడు. ముసలి సాయిబు. క్వార్టర్ల వెనక గొయ్యి తీసి తిత్తి అమర్చుకున్నాడు. అటక మీది తపేలా దించి తీసుకెళ్లాను. చూడగానే గుర్తు పట్టాడు. బంగారమ్మ బాయీ కా పతీలా అన్నాడు. ఆరేళ్లుగా దీనికి తనే కళాయి వేస్తున్నాడట. మొహం ఎర్ర చేసుకున్నాడు. ఇంత అరిగేదాకా ఎందుకు ఉంచావు, పేరు కనిపించలేదా అని నన్ను గదమాయించాడు.

పేరుకీ కళాయికీ ఏమిటి సంబంధం అన్నాను.

సాయిబు తిత్తి ఆపి చెప్పాడు. తపేలా కొన్న రోజే ఆవిడ పేరు లోపల కొట్టించి, చంటిపిల్లని చంకనేసుకుని తెచ్చిందట. అందరూ బయట కొట్టించుకుంటారు కదా, నువ్వెందుకు లోపల అని అడిగితే, మా తెలుగువాళ్లం రోజూ పులుపు వండుతాం మియాఁ, పనిలో పడి మరిచిపోతాను, పేరు మీద కళాయి వెయ్యి అందట. నామ్ దిఖా తో సమ్‌ఝో కలై గయీ. పేరు కనబడిందంటే కళాయి పోయిందన్నమాట. పేరు తేటపడిన రోజు ఇక దాంట్లో వండేది కాదట. వానాకాలమైతే కుండలో వండేదట.



నెలన్నర రోజులు ఆ పేరు చెరిపేద్దామని తోమాను. ఒక్కో పొరా పోతూ అది తేటపడుతుంటే నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. ఆవిడ నన్ను వెక్కిరించలేదు. వద్దే, దీంట్లో వండకే, నా పిల్ల తింటుందే అని అరుస్తూ ఉంది. నేను చదువుకున్నదాన్ని. నాలుగక్షరాలు చదవలేకపోయాను.

సాయిబు నవసాగరం చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం పుల్ల రాసి, దూదితో తిప్పాడు. ఒక్క తిప్పులో లోపలంతా వెండిలా అయిపోయింది. పేరు ఎక్కడుందో కనబడలేదు. వేలితో తడిమి చూసుకున్నాను, ఇంకా వేడిగా ఉంది, చురుక్కుమంది.

పైడి నా వెనకే నిలబడి అంతా విందట. ఇంటికొచ్చాక తనే చెప్పేదాకా నాకు తెలియదు.

అదే రోజు, సాయంత్రం

సాయిబు చెప్పింది ఆయనకి చెప్పాను. ఆయనకీ తెలియదట. ఏడేళ్లు కాపురం చేసి, లోపల పేరెందుకుందో నేనూ ఎప్పుడూ అడగలేదు అన్నారు. ఇద్దరం ఆ తపేలాని చూస్తూ కూర్చున్నాం. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి అంతసేపు ఒక చోట కూర్చోవడం ఇదే మొదటిసారి.

అయినా పిల్ల అన్నం ఆయనే ముందు తిన్నారు.

అక్టోబర్ 2

పైడి పులుసు కావాలంది. కుండలోనా సిల్వరు గిన్నెలోనా అన్నాను. అమ్మ తపేలాలో అంది. కాచి, దింపి, వెంటనే వేరే గిన్నెలోకి తీసేశాను. కంచం పెట్టాను. ఆయన చెయ్యి చాపారు.

పైడి కంచం తన వైపు లాక్కుని తినేసింది.