చేదు కలపని డబ్బా

బాలానగర్,
12 జూన్ 2020.

సరితక్కకు రేఖ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ ఊళ్ళో నువ్వూ, నీ బిడ్డ అనూషా కూడా క్షేమమేనని రాయడానికి చెయ్యి రావడం లేదు. మొగుడు పోయి రెండు నెలలు కాని మనిషిని క్షేమమా అని అడిగే ముఖం నాకు లేదు.

బావ ఫోన్ ఇంకా ఠాణాలోనే ఉందని ఉత్తరం రాశావు. ఒకందుకు మంచిదే. ఫోన్లో అయితే నువ్వు ఏడిస్తే నేను ఆగిపోతాను. కాగితం మీద అయితే చివరిదాకా చెప్పగలను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. లింగంపల్లి గది ఖాళీ చేశాను. నీ కుక్కరు, అనూష గౌన్లు నా దగ్గరే ఉన్నాయి. బావ సెక్యూరిటీ యూనిఫాం ఏజెన్సీవాళ్ళు వాపసు అడిగారు. ఉతికి ఇమ్మన్నారు, ఉతికే ఇచ్చాను.

శానిటైజర్ తాగి పడిపోయిన బావ దవాఖానలో చివరికి నీ పేరు పిలిచాడా అని అడిగావు. పిలవలేదక్కా. స్పృహే రాలేదు. పిలిచాడని రాస్తే నీకు కాస్త ఊరటగా ఉండేది, కానీ ఇవాళ అబద్ధం రాయదలచుకోలేదు.

ఇరవై రెండున ఠాణాకు వచ్చి మా షెడ్డు కనకలక్ష్మి మేడమ్ మీద ఫిర్యాదులో సంతకం పెట్టాలా అన్నావు. "పైసలకు ఆశపడి చేదు ఎగ్గొట్టినోళ్ళ చేతులకు పురుగులు వడ" అని కూడా రాశావు. ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివాను.

మా షెడ్డు పని నీకు తెలిసిందే. అయినా మళ్ళీ చెబుతాను, ఠాణాలో నువ్వు చెప్పాల్సి రావచ్చు. స్పిరిట్, గ్లిజరిన్, కాచి చల్లార్చిన నీళ్ళు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ డబ్బిస్తే, కూలీల బస్తీలకు పాల ప్యాకెట్ కన్నా చవగ్గా శానిటైజర్ చేసి పంపుతున్నాం. మొదటి లారీ కదిలిన రోజు కంపెనీవాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని వీడియోలో చప్పట్లు కొట్టారు. ఎవరూ తాగకుండా చివర్లో డ్రమ్ముకొక మూతెడు చేదు మందు పోయాలి. పోసేది నేను. చూసి పుస్తకంలో సంతకం పెట్టేది మా కెమిస్టు కనకలక్ష్మి మేడమ్.

ఏప్రిల్లో నువ్వు ఫోన్ చేశావు, గుర్తుందా? "రేఖా, గా మందు రుద్దినంక పిల్ల అన్నం నోట్లె వెట్టుకుంటలేదే. చేతి ఏళ్ళకెల్లి చేదు పోతలేదు. జర చేదు లేనిది జూడరాదే" అన్నావు. సబ్బుతో కడగమంటే, నీళ్ళ ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తోందన్నావు. ఈ చేదు కనిపెట్టినవాడు చెంచాతో తినేవాడై ఉంటాడు. చేదు మందు మూత పోయకముందే ఒక డ్రమ్ములోంచి ఐదు లీటర్ల డబ్బా ఒకటి పట్టి పక్కన పెట్టాను. ఓనరుకు తెలిస్తే పని పోతుందని, నీకు కూడా 'కొత్త రకం వచ్చింది' అనే చెప్పాను. నువ్వు తిట్టిన చేతులు ఇవే. నువ్వు అడిగావు కాబట్టి చేశానని అనను. కానీ అడిగావు.

మొదట పంపిన డబ్బాలో బావ వేలు ముంచి నాకి, థూ అని నీ ముందే ఉమ్మేశాడు కదా. అప్పటికి కల్లు దొరక్క, మందు షాపులు తెరవక నెల కావస్తోంది. ఆ చేదే ఆయన్ని ఆపింది.

ఇంతవరకే అయితే క్షమించమని అడిగేదాన్ని. ఇంకొకటి ఉంది. ఆ రెండో డబ్బా కోసం షెడ్డు గేటు దగ్గరికి బావే వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. "ఏంది బావా, కొత్త పెళ్ళికొడుకు లెక్క వణుకుతున్నవ్?" అన్నాను. నవ్వాడు. "గిది గూడ చేదేనా మరదలా?" అని అడిగాడు. బావామరదళ్ళం, మేం ఏనాడు సూటిగా మాట్లాడుకున్నాం? "చేదు తీసేసిన బావా, నీ కోసమే. సోడా కలుపుకొని దావత్ చేస్కో" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ ఆదివారం ఆయన అందులో సోడానే కలుపుకొని తాగాడు. నేను ఎగతాళికి అన్నాను, ఆయన నిజంగానే అడిగాడు. అది నాకు తెలియదా అంటే, ఆ చేతులు చూస్తూనే అన్నాను కదా.

నీ ఇంట్లో మిగిలిన డబ్బాలో చేదు లేదని పరీక్షలో తేలింది. పుస్తకంలో ఉందని రాసింది మేడమ్. ఆమెను పనిలోంచి తీసేశారు, రోజు విడిచి రోజు ఠాణాకు పిలుస్తున్నారు. మొన్న మూసాపేట మెట్రో స్టేషన్ కింద కనబడి, తనే నన్ను పిలిచింది. "నువ్వు మూత పోయడం నా కళ్ళతో చూశానని ఎస్సైగారికి చెప్పానమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు, భయపడకు" అంది. ఆమె చూసింది నిజమే. డబ్బా పట్టాక పోశాను. ఆమె నిజం చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు, నేను పక్కన నిలబడి తలూపాను.

రెండుసార్లు ఠాణా దాకా వెళ్ళాను. రెండుసార్లూ గేటు నుంచే తిరిగొచ్చాను. లోపల లాఠీల భయం కాదు, బావతో నేనన్న మాట పరాయివాళ్ళ ముందు నా నోటితో చెప్పలేను. మూడోసారి వెళ్తానని నీకు మాటిస్తే అదీ అబద్ధమే అవుతుంది.

అందుకే నీ మీద వేస్తున్నాను. ఇదీ నేను నీకు చేస్తున్న ద్రోహమే, తెలుసు. ఇరవై రెండున వాళ్ళు నీ ముందు పెట్టే కాగితంలో మేడమ్ పేరు ఉంటుంది. అది కొట్టేయించి నా పేరు రాయించు. ఈ ఉత్తరం చూపించు. నీ చెల్లెలు ఎందుకిలా చేసిందని అడుగుతారు. అప్పుడు నువ్వు చేసిన ఫోన్ సంగతి కూడా నీ నోటితోనే చెప్పాల్సి వస్తుంది. చెప్పలేకపోతే ఉత్తరం పొయ్యిలో వేసి, వాళ్ళు చూపిన చోట సంతకం పెట్టి వెళ్ళు. నేనైతే నోరు విప్పను. మేడమ్ జైలుకు పోతుంది, మనం అక్కాచెల్లెళ్ళుగా మిగులుతాం.

ఇట్లు
నీ ఒక్కగానొక్క చెల్లెలు,
రేఖ